రెండింటికీ ఎడమ పక్కనే

సోల్డరింగ్ పొగకి ఒక వాసన ఉంటుంది. చెట్టు జిగురు కాలినట్టు, కొంచెం తియ్యగా, కొంచెం చేదుగా. మిరపకాయల ఘాటుకి మాత్రం వాసన కన్నా ముందు తుమ్ము వస్తుంది. ఈ రెండూ కలిసి ముక్కులోకి దూరే చోట్లు ప్రపంచంలో ఎక్కువ ఉండవు. మొన్న పర్చూరు అవతల ఒక కోల్డ్ స్టోరేజీ మేడ మీద అలాంటి చోటు తగిలింది. ఊళ్లకి గాలిలోంచి ఇంటర్నెట్ అందించే చిన్న కంపెనీలో పని చేస్తాను నేను. మా ఆఫీసు మంగళగిరిలో. ఆఫీసంటే ఒక గది, ఒక వ్యాను, ఒక నిచ్చెన. మూడింటిలో సొంతది నిచ్చెన. దాని మీద కూర్చుని తీగ అతుకుతుంటే కింద లారీలోంచి టిక్కీలు దించడం మొదలుపెట్టారు. మిర్చి బస్తాల్ని మావైపు టిక్కీలంటారు. ఘాటు పైకి లేచింది, సోల్డర్ పొగ దానికి తోడైంది, వరసపెట్టి తుమ్మాను. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య నా చెవులు వేడెక్కాయి. అక్కడ ఎవరూ నన్నేమీ అనలేదు. అయినా సిగ్గేసింది. ఆ వాసనకీ నా చెవులకీ మధ్య ఎప్పుడో పడిన అతుకు అది, ఇప్పటిదాకా ఊడలేదు. ఆ అతుకు వేసిన మనిషి మస్తాన్ వలీ గారు.

ఆయన గుంటూరు పొలిమేరలో ఒక కోల్డ్ స్టోరేజీలో మెషీన్ల ఇన్‌ఛార్జి. ఎర్రటి ఎండల్లో లోపల మిర్చి చల్లగా పడుకుని ఉండాలంటే ఆయన మేలుకుని ఉండాలి. ఎప్పుడూ ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా, జేబులో పెన్నుకి బదులు స్క్రూడ్రైవరు, నడుముకి అరచేతిలో పట్టేంత వైర్‌లెస్ సెట్టు. డిప్లొమా అయిపోయి, నేను ఏ ఉద్యోగానికీ పనికిరానని వరసగా నాలుగైదు కంపెనీలు తేల్చాక ఆయన దగ్గరికి వెళ్లాను.

"నీకేం వచ్చు నాయనా?" అన్నారు.

"ఎలక్ట్రానిక్స్ డిప్లొమా సార్."

"అది కాగితంలో ఉంది. నీకేం వచ్చని అడిగాను."

భయమేస్తే నా నోరు నా మాట వినదు. "పదిమందిని నవ్వించడం వచ్చు సార్" అనేశాను.

ఆయన తల కూడా ఎత్తలేదు. "మంచిది. మెషీన్లలో అమ్మోనియా లీకై అందరూ కళ్లు తుడుచుకునేటప్పుడు పనికొస్తుంది. రేపట్నుంచి రా" అన్నారు. అప్పటిదాకా నా జోకుకి జోకుతో జవాబిచ్చిన పెద్దమనిషిని నేను చూడలేదు. మా నాన్న చెప్పుతో ఇచ్చేవాడు.

మస్తాన్ గారికి ఉద్యోగం మెషీన్లతోనే గానీ ప్రాణం మాత్రం మేడ మీద గదిలో ఉండేది. సొంత సరదాకి, లైసెన్సు తీసుకుని, రేడియోలో దూరపు మనుషులతో మాట్లాడే జాతి ఒకటుంది. ఆయన ఆ జాతి. అలాంటివాళ్లు ఇంకా ఉన్నారని విన్నప్పుడు, "సార్, ఫోనుందిగా" అన్నాను. అందరూ అనే మాటే. ఆయన కోప్పడలేదు. అంతకు ముందు ఏడాది గాలివానలో బాపట్ల అవతల సముద్రపు ఒడ్డున పల్లెపాలెంలో ఏం జరిగిందో చెప్పారు. సెల్ టవరు పడిపోయింది. వేటకి పోయిన పడవలు వేరే రేవుకి క్షేమంగానే చేరాయి. చేరాయన్న సంగతి ఇళ్లలోవాళ్లకి తెలియలేదు. ఆడవాళ్లు ఒడ్డున తడుస్తూ కూర్చున్నారు, తుపాను షెల్టరుకి రమ్మన్నా కదల్లేదు. వాళ్లలో నాగమణి అనే ఆవిడ ఉంది. ఎండుచేపల వ్యాపారం చేసుకునేది. తరవాత ఆవిడకి ఎవరి ద్వారానో మస్తాన్ గారి సంగతి తెలిసి, బస్సెక్కి గుంటూరు వచ్చి, "నాకా సెట్టు నేర్పండి సారూ" అని అడిగిందట. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. అదే పరీక్ష ఆయన నా చేతా రాయించారు. ఆవిడ మొదటిసారే గట్టెక్కింది. నేను ఎన్నోసారికి గట్టెక్కానో ఇక్కడ అప్రస్తుతం.

ఆవిడ దగ్గర ఒక సెట్టూ, మస్తాన్ గారు చేసిచ్చిన ఒక యాంటెన్నా, ఒక ముసలి బ్యాటరీ ఉండేవి. మా మేడ మీదా ఒక యాంటెన్నా ఉండేది. పాత రోజుల్లో ఇళ్ల మీద టీవీకి ఉండేది చూశారుగా, చేప ముల్లులాగ ఒక పొడుగాటి కడ్డీకి అడ్డంగా చిన్న కడ్డీలు, అలాంటిదే. మామూలు రోజుల్లో ఆవిడ మాట వచ్చేది. మబ్బు పట్టిన రోజున సగం సగం వచ్చేది. "మనకి అసలు పనిపడేది మబ్బు పట్టిన రోజునేగా" అన్నారు మస్తాన్ గారు. అందుకని ఒకదాని మీద ఒకటిగా రెండు యాంటెన్నాలు నిలబెట్టి, రెండింటినీ కలిపి ఒకే సెట్టుకి ఇద్దామనుకున్నారు.

"అంతేనా సార్, ఇంకోటి కట్టి తీగలు రెండూ కలిపి మెలేస్తే సరి" అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. గ్లాసు కింద పెట్టారంటే పాఠం మొదలైందని అర్థం. "ఒక్కో యాంటెన్నా సెట్టుకి యాభై ఓములుగా కనిపిస్తుంది. సెట్టు కూడా యాభైకే అలవాటు పడిన ప్రాణి. యాభైకి యాభై ఎదురైతే ఇచ్చిందంతా పుచ్చుకుంటుంది. రెండింటిని కలిపి మెలేస్తే ఎంత?"

"వంద సార్."

"నీకు డిప్లొమా ఎవరిచ్చారో కనుక్కోవాలి. పక్కపక్కన కలిపితే సగమవుతుంది. పాతిక. యాభైకి అలవాటు పడిన సెట్టు పాతికని చూసి మొహం తిప్పుకుంటుంది. పంపిన దాంట్లో కొంత వెనక్కి వచ్చేస్తుంది."

"పెళ్లిచూపుల్లాగ అన్నమాట."

"అలాగే అనుకో. అందుకని మధ్యవర్తి కావాలి." మధ్యవర్తి అంటే కేబుల్ టీవీ తీగ. దాని స్వభావం డెబ్బై అయిదు. ఆ తీగని సరైన పొడుగుకి కోసి యాంటెన్నాకి తగిలిస్తే, ఇవతలి కొసన యాభై కాస్తా నూట పన్నెండుగా కనిపిస్తుందట. రెండు నూట పన్నెండ్లు కలిస్తే యాభై ఆరు. "యాభైకి దగ్గరే. చుట్టరికం కలుపుకోవచ్చు" అన్నారు. ఆ పొడుగు కూడా లెక్కలో వచ్చినంత కాదు. తీగలో తరంగం నడక నెమ్మది, అందుకని ముక్క చిన్నదవ్వాలి. ఎంత చిన్నదో తీగని బట్టి మారుతుంది. కేబుల్ టీవీ కుర్రాడిని ఇది ఏ రకం తీగ అని అడిగితే "నల్లరకం సార్" అన్నాడు. ఇక చేసేదేముంది, మస్తాన్ గారు కావాలనే పొడుగ్గా కోసి, మీటరు పెట్టి, గోరంత గోరంత కత్తిరిస్తూ పోయారు. నేను పక్కన కూర్చుని ముక్కలు ఏరాను. కింద మిర్చి, పైన సోల్డర్ పొగ, మధ్యలో మా తుమ్ములు. నా బతుకులో నేను జోకు వెయ్యకుండా ఎక్కువసేపు కూర్చున్న మధ్యాహ్నం అదే. చివరికి మీటరు ముల్లు ఆయనకి కావలసిన చోట నిలబడింది. ఆయన మొహం చూడాలి, పెళ్లి కుదిరిన ఆడపిల్ల తండ్రి మొహం.

ఇక్కడ కోల్డ్ స్టోరేజీ ఓనరు గారి గురించి చెప్పాలి. మంచి మనిషి. మేడ ఆయనది, కరెంటు ఆయనది. గేటుకి అటొకటి ఇటొకటి సిమెంటు సింహాలు పెట్టించుకున్నాడు. ఒకటి ఎడమ పంజా ఎత్తితే రెండోది కుడి పంజా ఎత్తుతుంది. యాంటెన్నాలు ఎక్కించే రోజున కిందనుంచి చూసి, "వలీ గారూ, ఆ మధ్యలో తీగ తగిలించిన బుల్లి చెయ్యి రెండింటికీ ఒకే పక్కన ఉంది, ఒంటిపక్క వాలినట్టుంది. పైదానికి ఎడమ పక్కన, కిందదానికి కుడి పక్కన పెట్టండి. మన సింహాల్లాగ నిండుగా ఉంటుంది. రేపు ఆఫీసరు కూడా వస్తున్నాడు" అన్నాడు.

మస్తాన్ గారు ఒక్క క్షణం పైకి చూశారు. మేడ ఇచ్చిన మనిషి, ముచ్చటపడి మొదటిసారి ఒక మాట అడిగాడు. "అలాగేనండి" అన్నారు. మావైపు పనులన్నీ ఎక్కడ చెడతాయో అక్కడే చెడింది. మొహమాటంలో. కింది యాంటెన్నాని బోర్లా తిప్పి బిగించాం. మీటరు మళ్లీ చూశారు. ముల్లు కదల్లేదు, బ్రహ్మాండం. మంగళగిరిలో ఉన్న ఆయన స్నేహితుడిని పిలిస్తే "అదిరింది వలీ" అన్నాడు. నాగమణి గారిని పిలవలేదు. ఆ సాయంత్రం పల్లెపాలెంలో కరెంటు లేదు, మర్నాటి కోసం బ్యాటరీ దాచుకోమని ఆయనే చెప్పారు.

మర్నాడు మేడ మీద షామియానా వేశారు. రెవెన్యూ ఆఫీసు నుంచి ఒక అధికారి, ఆయనతో ఫైలు పట్టుకున్న అసిస్టెంటు, ఓనరు గారు, ఓనరు గారి స్నేహితులు, టిక్కీలు మోసే హమాలీలు నలుగురైదుగురు. ఈ లంకె పనిచేస్తుందని అధికారి కళ్లారా చూస్తే పల్లెపాలెం షెల్టరుకి కొత్త బ్యాటరీ, దాన్ని నింపుకునే సోలార్ పలక మంజూరు చేయించేలా రాస్తానన్నాడు. ఆ ఊరికి దానికన్నా పెద్ద కోరికేమీ లేదు అప్పట్లో. మస్తాన్ గారు సెట్టు ముందు కూర్చుని మైకు నొక్కారు.

"నాగమణి గారూ, గుంటూరు నుంచి మస్తాన్. వినిపిస్తోందా? ఓవర్."

స్పీకర్లో సన్నగా నూనె మరుగుతున్న చప్పుడు. ఇంకేం లేదు. మళ్లీ పిలిచారు. మళ్లీ నూనె. మీటరు చూశారు, అది నిన్నటికన్నా ముద్దుగా ఉంది. అధికారి ఫోను తీశాడు. ఓనరు గారు కుర్చీలో ఇటు నుంచి అటు జరిగి, "అంత పెద్దది కట్టారు, దోమ చప్పుడైనా లేదేంటండీ?" అన్నాడు. మస్తాన్ గారి మెడ వెనక చెమట చారలు కట్టడం నాకు కనిపిస్తోంది. ఆ తెల్ల చొక్కా మీద చెమట చార నేను అంతకు ముందు చూడలేదు.

నిశ్శబ్దం నాకు పడదు. ఎక్కడైనా నలుగురు బిగుసుకుని కూర్చుంటే నా నాలుక దురద పెడుతుంది. మా సార్ని ఆ కుర్చీలోంచి ఎలాగైనా బయట పడెయ్యాలనిపించింది. బయట పడెయ్యడానికి నా దగ్గరున్న పనిముట్టు ఒక్కటే. గొంతు పెంచి, "ఏం లేదు సార్! ఆవిడ పొయ్యి మీద చేపల పులుసు పెట్టుంటది. మరిగి దించాక మాట్లాడుద్ది. పులుసు కన్నా తుపాను ముఖ్యమా?" అన్నాను.

అందరూ నవ్వారు. హమాలీలు నవ్వారు, ఓనరు గారు పొట్ట పట్టుకుని నవ్వాడు. అధికారి కూడా నవ్వి, అసిస్టెంటుతో, "అవతల మనిషి సీట్లో లేరని రాయండి" అన్నాడు. అసిస్టెంటు రాశాడు. మస్తాన్ గారు నవ్వలేదు. నా వైపు చూడలేదు కూడా.

ఆ నవ్వు సద్దుమణుగుతుండగా ఆయన నడుముకున్న చిన్న సెట్టు గరగరలాడింది. దానికున్నది జానెడు తీగ. ఆ జానెడు తీగలోంచి, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు, సన్నగా ఆడగొంతు వినిపించింది.

"మస్తాన్ సారూ, పల్లెపాలెం నుంచి నాగమణి. వింటున్నారా? పొద్దుట్నుంచీ పిలుస్తానే ఉన్నా. బ్యాటరీ సగానికొచ్చింది. వింటున్నారా సారూ? ఓవర్."

భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది అని రాస్తుంటారు. నేను మూడంతస్తుల పైన ఉన్నాను. భూమి చీలినా నా దాకా రావడానికి కొంచెం సేపు పట్టేది. ఆ కొంచెం సేపూ అక్కడే నిలబడి ఉండాల్సి వచ్చింది, అదీ నా బాధ. అంతకు ముందు నా జోకుకి నవ్విన మొహాలన్నీ ఇప్పుడు వేరే దిక్కులు చూస్తున్నాయి. ఒక హమాలీ మాత్రం నన్నే చూస్తున్నాడు, ఏదో ఒకటి అంటాడులే అన్నట్టు.

మస్తాన్ గారు చిన్న సెట్టుని చేతిలోకి తీసుకుని, అందరికీ వినిపించేలా పైకెత్తి పట్టుకున్నారు. ఆవిడ ఇంకోసారి పిలిచింది. పిలవనిచ్చారు. తరవాత అధికారి వైపు తిరిగి, "ఆవిడ సీట్లోనే ఉన్నారు సార్. లేనిది మేము. ఆ లైను కొట్టేయించండి" అన్నారు.

"అదేంటండీ, అంత పెద్దదానికి వినపడనిది అరచేతిలో దానికెలా వినపడింది?" అన్నాడు అధికారి. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

మస్తాన్ గారు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు. ఎడమ పక్కన ఒక చెయ్యి, కుడి పక్కన ఒక చెయ్యి. చూస్తూ చూస్తూ ఆయన మొహంలో రంగు మారడం నాకు తెలిసింది. తలకొట్టేసినట్టయింది ఆయనకి. ఆ వయసులో, అంతమంది ముందు. నేనైతే ఆ క్షణంలో వాతావరణాన్నో కేబుల్ టీవీ కుర్రాడినో పట్టుకునేవాణ్ణి. సింహాలు గేటు దగ్గర సిద్ధంగా ఉన్నాయి కూడా.

"తప్పు దొరికింది సార్. నాదే" అన్నారాయన.

ఇద్దరు హమాలీల్ని పిలిచారు. మధ్యలో ఒక టిక్కీ పెట్టించి, చెరో పక్కనుంచి ఎవరివైపుకి వాళ్లని లాగమన్నారు. ఇద్దరూ మంచి బలంగల మనుషులు. నరాలు తేలేలా లాగారు. టిక్కీ ఉన్నచోటే ఉంది. "ఇద్దరి కష్టంలో లోటు లేదు. మీటరు ఆ కష్టాన్నే కొలుస్తుంది, ఏ పక్కకి లాగుతున్నారో దానికి తెలియదు. పైన కూడా అదే జరుగుతోంది. తీగ ఒకదానికి ఎడమ నుంచి, ఇంకోదానికి కుడి నుంచి తగిలింది. ఒకటి తోస్తుంటే ఒకటి లాక్కుంటోంది. నేను ముల్లు చూసి మురిసిపోయాను" అన్నారు. దగ్గరున్న మంగళగిరి స్నేహితుడికి ఎలాగైనా వినపడుతుంది, దూరంగా ఉన్నవాళ్లకే ఆ తేడా తగులుతుంది అని కూడా చెప్పారు. ఓనరు గారు ఆ మాటలు విని గేటు వైపు ఒకసారి చూసుకున్నాడు. మస్తాన్ గారు మాత్రం అటు చూడలేదు. సింహాల ఊసు ఆ రోజే కాదు, ఆ తరవాత కూడా ఆయన నోట రాలేదు.

నేను పైకెక్కి ఒక యాంటెన్నా విప్పేశాను. మిగిలిన దానికే తీగ నేరుగా తగిలించి దిగేసరికి ఆయన సెట్టు ముందునుంచి లేచారు. మైకు నా చేతిలో పెట్టారు.

"నువ్వు పిలువు."

"ఏం చెప్పమంటారు సార్?"

"ఇందాక చెప్పిందే చెప్పు. అప్పుడు ఆవిడకి వినపడలేదుగా."

ఆయన గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది, కోపానికి నా దగ్గర జవాబులుండేవి. మైకు నొక్కి పట్టుకుని నిలబడ్డాను. నొక్కినంతసేపూ ఆవిడకి నా ఊపిరి చప్పుడే పోయుంటుంది. చివరికి, "వినిపిస్తోంది అక్కా. ఇప్పుడు వినిపిస్తోంది. ఓవర్" అన్నాను.

స్పీకర్లోంచి ఆవిడ గొంతు స్పష్టంగా వచ్చి పడింది. "హమ్మయ్య! ఏం అబ్బాయ్, ఇంతసేపూ ఎక్కడికి పోయార్రా అంతమందీ? బిర్యానీ గానీ వండుకుంటున్నారా?"

షామియానా కింద అందరూ మళ్లీ నవ్వారు. అదే నవ్వు, అదే మోతాదు. నేను వేసిన జోకు నాకే తిరిగొచ్చింది, పాతిక ఎదురైతే పంపింది సెట్టుకే తిరిగొచ్చినట్టు. తేడా ఒకటే, ఆవిడది అవతలి మనిషి వింటుండగా వేసిన జోకు. అసిస్టెంటు పెన్ను తీసి లైను కొట్టేశాడు. అధికారి ఆవిడతో రెండు మాటలు మాట్లాడి, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం యాంటెన్నాలు దించాం. మస్తాన్ గారు ఇంటికెళ్లి ఒక సీసా పట్టుకొచ్చారు. వాళ్లమ్మాయి రేష్మా గోళ్లరంగు, చింతపండు రంగుకీ ఎరుపుకీ మధ్య. ఆ బుల్లి కుంచెతో రెండు యాంటెన్నాలకీ తీగ తగిలే పక్కన ఒక్కో చుక్క పెట్టారు. రెండింటికీ ఎడమ పక్కనే. "ఇంక ఎవరు ఏ ముచ్చటపడినా చుక్కలు ఒకే పక్కన ఉండాలి" అన్నారు. మామూలు రోజైతే ఆయన చేతిలో గోళ్లరంగు చూసి వారం రోజులకి సరిపడా జోకులు వేసుకునేవాణ్ణి. రెండూ ఎక్కించి పిలిస్తే నాగమణి గారి గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టు వచ్చింది. వినడానికి అధికారి లేడు. ఓనరు గారు ఉన్నాడు. చాలాసేపు విని, "సింహాలు గేటు దగ్గరుంటే చాల్లెండి" అన్నాడు. ఖాళీ చెయ్యమంటాడేమో అనుకున్న మేడ మీది గది ఆ మాటతో నిలబడింది.

మస్తాన్ గారు నన్ను తిట్టలేదని, ఆ సంగతి అక్కడితో అయిపోయిందని అనుకున్నాను. ఆ ఆదివారం బండి తీసి, "ఎక్కు, పల్లెపాలెం వెళ్లొద్దాం" అన్నారు. ఎందుకని అడగలేదు. దారి పొడుగునా పత్తి చేలు, తరవాత వరి, తరవాత సరుగుడు తోటలు, ఉప్పుగాలి. నేను వెనక కూర్చుని క్షమాపణ ఎలా చెప్పాలో సాధన చేశాను. ఎలా చెప్పినా చివర్లో ఒక జోకు వచ్చి కూర్చునేది. దాన్ని లేపడం నా వల్ల కాలేదు.

నాగమణి గారు మా కోసం వంట చేసింది. ఏం వండి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మట్టి దాకలో, చింతపండు చిక్కగా పిసికి, సముద్రపు చేపతో పులుసు. కంచం ముందు కూర్చున్నాను. వేళ్లు కదల్లేదు.

"ఏం అబ్బాయ్, చేపలు తినవా?" అంది.

మస్తాన్ గారు తన కంచం వైపే చూసుకుంటూ ముల్లు తీసుకుంటున్నారు. సాయం చేసే ఉద్దేశమేమీ ఆయనకి ఉన్నట్టు లేదు. చెప్పేశాను. ఆ రోజు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు నేనేమన్నానో, అక్షరం మార్చకుండా. చివర్లో జోకు ఏదీ రాలేదు. ఉన్న జోకంతా అందులోనే ఉంది.

ఆవిడ గరిటె పట్టుకుని విన్నది. "అందరూ నవ్వారా?" అంది.

"నవ్వారు అక్కా."

"ఆఫీసరు కూడానా?"

"ఆయన కూడా. నువ్వు సీట్లో లేవని రాయించాడు. తరవాత సార్ కొట్టేయించారు."

ఆవిడ గుమ్మంలోంచి బయటికి చూసింది. అక్కడ, గోడవారగా, ఆ ముసలి బ్యాటరీ గోనెసంచి కప్పుకుని ఉంది. వెనక్కి తిరిగి దాకలోంచి ఇంకో ముక్క తీసి నా కంచంలో వేసింది. "తిను. చల్లారితే నీచు వాసనొస్తది" అంది. తిన్నాను. ఆ పులుసు ఎలా ఉందో నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేకపోయాను. కళ్లలోంచి నీళ్లు కారాయి. గుంటూరు కారం అన్నాను. ఆ కారం మా గోడౌన్లో మిర్చిదేనని ఆవిడ అంది. అక్కడ మాత్రం ముగ్గురం నవ్వాం.

తిరిగి వస్తుంటే సరుగుడు తోటల దగ్గర బండి ఆపి, "జోకులు మానేస్తావా ఏంటి ఇంక?" అని అడిగారు మస్తాన్ గారు.

"మానెయ్యమంటారా సార్?"

"నేనెందుకంటాను? నీ వల్ల మా ఆఫీసులో జనం నవ్వుతున్నారు. కాకపోతే, అవతలివాళ్లు పిలుస్తున్నారేమో ముందు విను. అప్పుడు వేసుకో." అని బండి స్టార్ట్ చేశారు. ఆయన మొత్తం ఉపన్యాసం అంతే. తన సిగ్గు గురించి మాత్రం బాపట్ల దాటాక, గాలికి సగం కొట్టుకుపోతుండగా, ఒక మాట అన్నారు: "నిన్న రేష్మా అడిగింది, అంతమందిలో నాదే తప్పని చెప్పడానికి ఎలా ఉంది అబ్బాజాన్ అని. ఏముంది, చెప్పేదాకానే బరువు అన్నాను." ఆయన భుజం మీదుగా నాకు రోడ్డు తప్ప ఏమీ కనపడలేదు. మొహం చూసే వీలుంటే అడిగేవాణ్ణి, నిజంగా అంతేనా అని. నాకైతే చెప్పాక కూడా అది తేలికవ్వలేదు. పల్లెపాలెం బ్యాటరీ మాత్రం ఆఫీసు పద్ధతిలో, ఆఫీసు తీరికలో, వానలన్నీ వెళ్లిపోయాక వచ్చింది. వచ్చినప్పుడు నాగమణి గారు మొదట పిలిచింది నన్నే. "అబ్బాయ్, పులుసు దించి వచ్చా. చెప్పు" అంది.

మస్తాన్ గారు ఇప్పుడు రిటైరై హైదరాబాద్‌లో కూతురి అపార్టుమెంట్లో ఉన్నారు. అక్కడ అసోసియేషన్ వాళ్లు మేడ మీద యాంటెన్నా ఒప్పుకోరు. ఆయన మొహమాటపడి ఊరుకున్నారని అనుకునేరు. బాల్కనీలో బట్టలారేసుకునే తీగ ఒకటి కట్టుకున్నారు. దాని పొడుగు గోరంత గోరంత కత్తిరించి సరిచేసిన పొడుగు. దాని మీద రోజూ ఒక తువ్వాలు ఆరుతుంటుంది, అసోసియేషన్ తృప్తి కోసం.

పర్చూరు మేడ మీద నా పని కూడా ఆయన పాఠమే. పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో సరిగ్గా కోసిన తీగలు. నా సంచీలో స్క్రూడ్రైవర్ల మధ్య ఒక గోళ్లరంగు సీసా ఉంటుంది. చీరాలలో కొన్నప్పుడు షాపులో అమ్మాయి "ఎవరికండీ?" అని అడిగితే, "ఇద్దరికి, ఇద్దరివీ ఎడమచేతి గోళ్లే" అన్నాను. ఆ అమ్మాయి సీసా నా చేతికివ్వకుండా గాజు పలక మీద పెట్టి, వెనక్కి జరిగింది. మొన్న పర్చూరులో తుమ్ములు తగ్గాక రెండింటికీ ఎడమ పక్కన చుక్కలు చూసుకున్నాను. మీటరు పెట్టాను. ముల్లు బ్రహ్మాండంగా ఉంది. కింద నుంచి కోల్డ్ స్టోరేజీ మేనేజరు, "అయిపోయినట్టేగా? మీటరు బాగుందిగా?" అని అరిచాడు.

"ఒక్క నిమిషమండీ" అన్నాను. అవతలి కొసన, చెరువు దాటి ఒక ఊళ్లో, మావాళ్ల కుర్రాడు డాబా మీద నిలబడి ఉన్నాడు. అప్పుడే కట్టిన లంకె మీదుగానే ఫోను చేసి, "వినిపిస్తోందా?" అని అడిగాను. వెంటనే జవాబు రాలేదు. కింద మేనేజరు, హమాలీలు, వ్యాను డ్రైవరు అందరూ తలలెత్తి నా వైపే చూస్తున్నారు. నిశ్శబ్దం. నాలుక దురద పెట్టింది. మంచి జోకొకటి నాలుక చివరిదాకా వచ్చింది కూడా, కుర్రాడి మీద.

చెవులు వేడెక్కాయి. నోరు మూసుకుని, ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాను.